ఓతాకి సాన్ పూలు

వంతెన మీద యాభై అరవై అడుగులు వేస్తే చాలు, అవతలి గట్టు. కింద నాకాషిమా నది వాననీళ్లతో మట్టిరంగు తిరిగి సముద్రం వైపు పోతోంది. వెనక నాగసాకి ఊరు, ట్రాము గంటలు, ఇంకా మూయని గొడుగులు. ముందు దెజిమా. జూన్ నెల ఇక్కడ వానల నెల. జల్లు ఆగి పది నిమిషాలు కాలేదు, చూరుల నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం" అంటున్నారు గైడుగారు. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉన్నారు. మెడలో ప్లాస్టిక్ తొడుగులో పాత పటం ఒకటి వేలాడుతోంది. సముద్రంలో పరిచిన విసనకర్రలా ఒక దీవి, దాన్ని ఊరికి కట్టేసినట్టు సన్నటి వంతెన. మా అక్క కొడుకు ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. గైడుగారు జపనీసులో చెప్పేదంతా వాడు నాకు తెలుగు చేస్తూ వస్తాడు. మీరూ నా పక్కనే నడవండి, వాడి గొంతు ఇద్దరికీ వినిపిస్తుంది.

ఇలాంటి నడకను ఇక్కడివాళ్లు 'సరుకు' అంటారు. నాగసాకి యాసలో ఆ మాటకు ఊళ్లో తీరిగ్గా తిరగడం అని అర్థం. 2006 నుంచి ఊరిని ఇలా వీధి వీధీ నడిపించి చూపించడం ఈ నగరం అలవాటు చేసుకుంది. తెలుగు చెవికి మాత్రం ఆ మాట గోదాము వాసనతోనే వస్తుంది. చూడబోతే ఈ చోటుకు ఆ అర్థం కూడా సరిపోతుంది. రెండు శతాబ్దాలకు పైగా ఈ వంతెన దగ్గర స్వేచ్ఛగా కదిలింది సరుకొక్కటే. మనుషులు కదల్లేదు.

1636లో దేశాన్ని ఏలుతున్న షోగన్ ప్రభుత్వం చెబితే నాగసాకి వర్తకులు 25 మంది డబ్బు పెట్టి ఈ దీవిని కట్టించారు. పోర్చుగీసువాళ్లను ఊళ్లో కలవనివ్వకుండా ఒక చోట ఉంచడానికి. మూడేళ్లకే పోర్చుగీసువాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టారు. 1641లో హిరాదోలో ఉన్న డచ్చివాళ్లను తెచ్చి ఇక్కడ పెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి మూడు నిమిషాలు పట్టదు. అంత జాగాలో మామూలుగా పది పదిహేనుమంది, ఏడాదికి ఒకటో రెండో ఓడలు. అనుమతి లేకుండా వాళ్లు వంతెన దాటకూడదు. ఊరివాళ్లు లోపలికి రాకూడదు. ఆడవాళ్లలో మారుయామా వేశ్యావాటికలోని వాళ్లకు మాత్రమే ప్రవేశం అని వంతెన దగ్గర పలక మీద రాసి ఉండేది. ఆ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, మన నడకంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు చుట్టూ సముద్రాన్ని పూడ్చేశారు. ఆఫీసు భవనాల మధ్య ఇదొక పేట. కానీ లోపల ఇళ్లనీ గోదాములనీ పాత పద్ధతిలో మళ్లీ కట్టుకుంటూ వస్తున్నారు. చెప్పులు విప్పి డచ్చి అధికారి ఇంటి మేడ మీదికి ఎక్కితే చాపల నేల, ఆ చాపల మీద కుర్చీలూ పెద్ద భోజనాల బల్లా. గోడలకు పూల కాగితం. కిటికీ తెరిచి చూస్తే ఒకప్పుడు అలలే కనిపించేవి. ఇప్పుడు రోడ్డు.

పడమటి చివర నీటి గేటు. ఇటు రండి. ద్వారాలు రెండు, ఒకటి వచ్చే సరుకుకూ ఒకటి పోయే సరుకుకూ. 1823 ఆగస్టులో ఈ రేవులో 27 ఏళ్ల డాక్టరు ఒకడు దిగాడు. పేరు ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్. పుట్టింది జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్‌లో, కొలువు డచ్చి సైన్యంలో. డచ్చివాడినని చెప్పుకోకపోతే ఈ గడప తొక్కే వీలే లేదు. చిక్కేమిటంటే ఇక్కడి దుబాసీలు తరతరాలుగా డచ్చి మాట్లాడేవాళ్లు, ఆయనకన్నా బాగా. నోరు విప్పగానే యాస పట్టేశారు. తాను కొండ ప్రాంతపు డచ్చివాణ్ణనీ, అక్కడి పలుకే అంతనీ చెప్పి గట్టెక్కాడు.

"హాలండులో కొండలెక్కడివి పిన్నీ?" అంటున్నాడు మావాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకపోవడమే ఆయన ప్రాణం కాపాడింది.

కాలి కింద చూడండి, రాళ్ల సందుల్లో మూడాకుల గడ్డి. తెల్ల క్లోవర్. గాజు సామాను పగలకుండా డచ్చివాళ్లు పెట్టెల్లో ఎండుగడ్డిగా కుక్కి పంపింది ఇదే. అందులోని విత్తనాలు రాలి మొలిచాయి. జపనీసులో దీని పేరుకు 'తెల్ల కుక్కుడు గడ్డి' అనే అర్థం. ఎవరూ పిలవకుండా, ఎవరి అనుమతీ లేకుండా దీవి దాటి దేశమంతా పరుచుకుంది.

మా బందరు నుంచి కూడా ఈ గేటులోకి సరుకు వచ్చింది. డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో కొఠీ పెట్టుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లో జావాలోని బటావియా మీదుగా ఇంత దూరం వచ్చేవి. జపనీయులు వాటిని 'సరసా' అన్నారు. తేనీటి వేడుకలు జరిపే గురువులు ఆ బట్టను జానెడు ముక్కలుగా కోసి, తేయాకు భరిణెలకు సంచులు కుట్టించుకునేవారు. చిన్న పీలికను కూడా పారేయకుండా పుస్తకాల్లో అతికించి దాచారు. కలంకారీ నీళ్లలో చేతులు నానిన మావాళ్లెవరికీ ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిసుంటే బావుండేదని నాకు ఇక్కడ నిలబడితే గట్టిగా అనిపిస్తోంది.

గైడుగారు తోట మూలకు తీసుకెళ్తున్నారు. చెక్కీ చెక్కని పెద్ద బండరాయి, మీద లాటిన్ అక్షరాలు. అక్షరాల గుంటల్లో నాచు పట్టి, ఇప్పటి వానకు పచ్చగా ఉబ్బింది. దీన్ని నిలబెట్టించింది సీబోల్డే, 1826లో. తన కోసం కాదు. తనకన్నా ముందు ఈ దీవిలో డాక్టర్లుగా ఉండి, జపాన్ మొక్కల్ని లోకానికి చెప్పిన ఇద్దరి కోసం. 1690లో వచ్చిన కెంఫర్, 1775లో వచ్చిన థున్‌బెర్గ్. ఒకాయన జర్మన్, ఒకాయన స్వీడన్ మనిషి. డచ్చి దీవి నుంచి జపాన్‌ను చదివిన ముగ్గురిలో ఒక్కడూ డచ్చివాడు కాడు. మీరు నాటిన మొక్కలు ఇక్కడ ఇంకా పచ్చగానే ఉన్నాయి, మిమ్మల్ని తలుచుకుంటున్నాయి అని ఆ అక్షరాల భావం. వేలితో ఒక అక్షరం వెంట గీస్తే చల్లగా, మెత్తగా తగిలింది. ముప్ఫై ఏళ్ల మనిషి, అనుమతి లేకుండా వంతెన దాటే హక్కులేనివాడు, చనిపోయిన పెద్దలకు చెట్ల మధ్య రాయి పాతించాడు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ రాయి దగ్గర మనసు మెత్తబడుతుంది.

ఫిర్యాదుల సంగతి దారిలో.

మళ్లీ వంతెన దాటి నది వెంట పైకి నడుద్దాం. కళ్లజోడు వంతెన వచ్చింది. 1634లో చైనా సన్యాసి ఒకాయన కట్టించినది, రెండు కమానులూ నీటి నీడతో కలిసి రెండు గుండ్రటి అద్దాల్లా కనిపిస్తాయి. ఈ రోజు నీరు మట్టిగా ఉంది కాబట్టి అద్దాలు లేవు. గట్టు పొడుగునా మాత్రం కుండీలు, వందల కుండీలు. హైడ్రేంజియా పూలు. జపాన్‌లో అందరూ 'అజిసాయ్' అంటారు. కానీ మే చివర నుంచి జూన్ దాకా నాగసాకి చేసుకునే ఈ పూల పండుగ పేరులో ఇంకో మాట ఉంది, 'ఒతాక్సా'.

వంగి ఒక గుత్తిని దగ్గరగా చూడండి. చంటిపిల్ల తలంత. నీలం అనుకుంటాం, కాదు. నడుమ నీలం, అంచుల్లో ఊదా, ఇంకా విచ్చనివి లేతాకు రంగు. నాలుగేసి రెక్కలున్న పూలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. అవి రెక్కలు కూడా కావు, పువ్వును కాచుకోవాల్సిన రక్షక పత్రాలే ఇంత పెద్దవై రంగు పూసుకున్నాయి. అసలు పువ్వు మధ్యలో ఆవగింజంత. గుత్తిని కదిపితే గుప్పెడు నీళ్లు నా చేతిలో పడ్డాయి.

ఈ పువ్వుకు సీబోల్డ్ శాస్త్రీయంగా పెట్టిన పేరు హైడ్రేంజియా ఒతాక్సా. ఒతాక్సా ఏమిటని పండితులు చాలాకాలం వెతికారు. జపనీసులో ఏ మొక్కకూ ఆ పేరు లేదు. చివరికి తేలింది, అది 'ఓతాకి సాన్' అని. తాకి గారు అని. కుసుమొతో తాకి, నాగసాకి అమ్మాయి. వంతెన దగ్గరి పలక ప్రకారం మామూలు ఆడపిల్ల దెజిమాలో అడుగు పెట్టలేదు. అందుకే వేశ్యగా పేరు నమోదైన 'సొనోగి'గా ఆమె ఆ వంతెన దాటింది. 1827లో వాళ్లకు కూతురు పుట్టింది. పేరు ఇనె.

తర్వాతి కాలంలో ఒక జపాన్ వృక్షశాస్త్రవేత్త ఈ పేరు మీద మండిపడ్డాడు. ఇష్టపడిన వేశ్య పేరు పువ్వుకు పెట్టి శాస్త్రాన్ని మైల చేశాడని. నేను ఒప్పుకోను. రాజుల పేర్లూ దొరల పేర్లూ మోస్తున్న మొక్కలు లోకం నిండా ఉన్నాయి. ఒక అమ్మాయిని ఇంట్లో ఎలా పిలిచేవాళ్లో, ఆ 'ఓ'తో ఆ 'సాన్'తో సహా లాటిన్‌లోకి వెళ్లిపోయిన పేరు ఇది.

ఇక ట్రామెక్కి షిన్‌నాకాగావామాచి దగ్గర దిగి, ఇళ్ల మధ్య ఇరుకు దారిలో పైకి. పక్కన సన్నటి వాగు చప్పుడు. ఈ పేట పేరు నరుతాకి, మోగే జలపాతం అని అర్థం. వినడానికి తాకి పేరూ అదే మాట. గైడుగారికి ఆయాసం లేదు, నాకుంది.

ఇదీ చోటు. ఇల్లు లేదు. చెట్ల నడుమ ఖాళీ జాగా, పాత బావి, సీబోల్డ్ ఛాతీ విగ్రహం, దాని చుట్టూ మళ్లీ అవే పూలు. 1824లో ఇక్కడొక ఇల్లు కొన్నారు. పరదేశి పేరు మీద కుదరదు కాబట్టి జపనీయుల పేరు మీద. ఊళ్లో రోగుల్ని చూసి, వైద్యం నేర్పడానికి ఆయనకు దీవి దాటే అనుమతి దొరికింది. దేశం నలుమూలల నుంచీ కుర్రాళ్లు నడిచి వచ్చి చేరారు. తకానో చోయెయ్, ఇతో గెన్‌బొకు, నినోమియా కెయ్‌సాకు, ఇంకా ఎందరో. ఈ చెట్ల కింద చాపలు పరుచుకున్నట్టు ఊహించండి. ఒక పక్క కంటిపొర తీయించుకోవడానికి వచ్చిన ముసలాయన. ఇంకో పక్క డచ్చి పదాలు వల్లెవేస్తున్న కుర్రాడు.

ఆయన రోగుల దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. వాళ్లు కృతజ్ఞతగా తెచ్చిన బొమ్మలూ పనిముట్లూ మొక్కలూ పుచ్చుకునేవాడు. శిష్యులకు ఒక్కొక్కరికి ఒక్కో విషయం ఇచ్చి డచ్చిలో వ్యాసాలు రాయించాడు. తిమింగలాల వేట, తేయాకు సాగు, కాన్పు పద్ధతులు. నేర్చుకునేవాళ్లు డచ్చి నేర్చుకున్నారు, నేర్పేవాడు జపాన్‌ను నేర్చుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం ఇంత నిండుగా జరిగిన బడి ఆ కాలంలో అరుదు. వెనక ఇంకో లెక్క కూడా ఉంది. జపాన్ గురించి తెలిసినంతా సేకరించి పంపమని బటావియాలోని డచ్చి ప్రభుత్వం చెప్పే ఆయనను ఇక్కడికి పంపింది.

1826లో డచ్చివాళ్లతో కలిసి షోగన్ దర్శనానికి ఆయన కొలువున్న ఎదో నగరానికి వెళ్లాడు. పోనూ రానూ దాదాపు ఐదు నెలల ప్రయాణం. అక్కడ షోగన్ కంటి వైద్యుడు హాబు గెన్‌సెకి, కంటిపాపను పెద్దది చేసే మందు ఏమిటో చెప్పమని బతిమాలి, బదులుగా షోగన్ వంశపు ముద్ర ఉన్న తన అంగీ ఇచ్చేశాడు. ఆస్థాన ఖగోళజ్ఞుడు తకాహాషి కాగెయాసు ఇంకా పెద్దది ఇచ్చాడు. ఇనో తదతాకా దేశమంతా కాలినడకన కొలిచి తయారుచేసిన జపాన్ పటాల నకలు. పరదేశికి అది ఇస్తే మరణశిక్ష. అయినా ఇచ్చాడు, ఎందుకంటే సీబోల్డ్ దగ్గర రష్యా నావికుడు క్రూజెన్‌ష్టెర్న్ యాత్రా గ్రంథం ఉంది. అది చదవాలని కాగెయాసు ఆశ. పుస్తకం కోసం ప్రాణం పందెం పెట్టిన మనిషి.

1828 సెప్టెంబరులో పెద్ద తుపాను వచ్చి సీబోల్డ్ సామాను ఎక్కాల్సిన ఓడను ఒడ్డుకు ఈడ్చి పడేసింది. పగిలిన ఓడలో పటాలు దొరికాయని ఒక కథ చాలాకాలం నడిచింది. గైడుగారు చెయ్యి అడ్డంగా ఊపుతున్నారు. తుపాను తుపానే, పట్టుబడింది వేరే దారిలో. సీబోల్డ్ ఎదోలోని మామియా రిన్‌జో అనే మరో యాత్రికుడికి పంపిన పొట్లం ఒకటి అధికారుల చేతికి చేరి, అక్కణ్ణుంచి తీగ లాగారు. కాగెయాసును పట్టుకున్నారు. 1829లో జైల్లోనే చనిపోయాడు. విచారణ పూర్తికాలేదని శవాన్ని ఉప్పులో ఊరబెట్టి, తీర్పు వచ్చాక మరణశిక్ష ప్రకటించారు.

ఇది చెప్పేటప్పుడు మావాడి గొంతు తగ్గింది. గైడుగారు విగ్రహం వైపు చూడకుండా బావి వైపు చూస్తున్నారు.

దాదాపు యాభై మందికి శిక్షలు పడ్డాయి. దుబాసీలు, శిష్యులు, హాబు గెన్‌సెకి. సీబోల్డ్‌ను దెజిమాలో ఉంచి ఏడాది ప్రశ్నించారు. మిత్రుల పేర్లు చెప్పలేదు. జీవితాంతం జపాన్‌లోనే బందీగా ఉండిపోతాను, వాళ్లను వదిలేయండని కూడా అడిగాడు. అదే మనిషి పటాలు అప్పగించే ముందు రహస్యంగా నకలు రాసుకున్నాడు, తర్వాత యూరప్‌లో అచ్చువేశాడు. నా ఫిర్యాదు ఇదే. పటం ఖరీదు ఆయనకు తెలుసు, ఇచ్చినవాళ్లే ఆ ఖరీదు చెల్లించారనీ తెలుసు. రెండూ ఒకే గుండెలో ఎలా పట్టాయో ఈ విగ్రహం ముఖం చూస్తే తెలియదు.

1829 డిసెంబరు చివర్లో, మళ్లీ రాకూడదనే శాసనంతో ఓడెక్కాడు. ఇనెకు రెండేళ్ల ఏడు నెలలు.

పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల మ్యూజియాన్ని హాలండులోని లైడెన్‌లో సీబోల్డ్ కాపురమున్న ఇంటిని చూసి కట్టారు. తడి గొడుగులు బయట పెట్టి లోపలికి పోదాం. అన్నీ చూడనక్కర్లేదు. ఒక్క అద్దం దగ్గరకు రండి. అరచేతిలో పట్టే గుండ్రటి నల్ల లక్క భరిణె. మూతకు ఒక వైపు తాకి, రెండో వైపు పసిపిల్ల ఇనె. ముత్యపుచిప్ప పొదిగి తీర్చిన పని. మనం తల కొంచెం వంచితే బట్టల మీద పచ్చదనం గులాబీ రంగులోకి జారుతుంది, నిటారుగా నిలబడితే మళ్లీ తెల్లబడుతుంది. ఈ భరిణె యూరప్‌లో ఆయన దగ్గర ఉండేది. మూత తిప్పి తల్లినీ కూతుర్నీ ఎన్నిసార్లు చూసుకున్నాడో. ఇద్దర్నీ ఒకేసారి చూసే వీలు మాత్రం ఆ మూతలో లేదు.

గైడుగారి నడక ఇక్కడితో అయిపోయింది. నడుం వంచి నమస్కరించి, "ఓపికుంటే కోదాయిజి గుడి వెనక కొండ ఎక్కండి" అని చెప్పి వెళ్లారు. మనకు ఓపిక ఉంది. ట్రాములో వెనక్కి వచ్చి గుళ్ల వీధి దగ్గర దిగి ఎక్కుదాం. మెట్లు, మళ్లీ మెట్లు. నాగసాకి కొండవాలు నిండా సమాధులే. రాళ్ల మీద పేర్లకు బంగారు రంగు వేయడం ఈ ఊరి అలవాటు, తడిసిన రాయి మీద అవి మెరుస్తున్నాయి.

ఎక్కుతూ ఎక్కుతూ మావాడు ఇనె కథ చెబుతున్నాడు. తండ్రి శిష్యుడు నినోమియా కెయ్‌సాకు జైలు నుంచి వచ్చి, నాగసాకిలో ఉండకూడదనే శిక్షతో సొంత ప్రాంతం పోయి, గురువు కూతురికి వైద్యం మొదలుపెట్టించాడు. కాన్పుల విద్య కోసం ఆమెను ఇంకో శిష్యుడి దగ్గరికి, ఒకాయామాలో ఉన్న ఇషీ సోకెన్ దగ్గరికి పంపారు. ఆ గురువే ఆమెను చెరిచాడని ఆ తర్వాత ఆమె కూతురు చెప్పిన మాటల్లో ఉంది. 1852లో పుట్టిన ఆ కూతుర్ని పెంచుకుంటూనే ఇనె చదువు మానలేదు. డచ్చి వైద్యుడు పోంపే దగ్గర శవ పరీక్ష చూసి శరీరం నేర్చుకుంది. 1870లో తోక్యోలో వైద్యశాల తెరిచింది. 1873లో మెయ్‌జీ చక్రవర్తి బిడ్డ కాన్పుకు పిలుపు వచ్చింది ఆమెకే. కానీ ప్రభుత్వం వైద్యులకు పరీక్షలు పెట్టినప్పుడు ఆడవాళ్లకు చోటివ్వలేదు. 1884లో తలుపు తెరిచేసరికి ఆమెకు 57. మంత్రసాని అనుమతితో పని చేసింది. 1903లో పోయింది.

"తండ్రిని మళ్లీ చూసిందా?"

"చూసింది పిన్నీ. నిషేధం ఎత్తేశాక 1859లో వచ్చాడు. ఆమెకు 32. ఆయనకు 63, వెంట పన్నెండు పదమూడేళ్ల జర్మన్ కొడుకు. తాకి కూడా అప్పటికి వేరే పెళ్లి చేసుకుని ఉంది. ముగ్గురూ కలిశారు."

ఆ కలయికలో ఏ భాషలో ఎవరు ముందు మాట్లాడారో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. 1862లో ఆయన మళ్లీ వెళ్లిపోయాడు, 1866లో మ్యూనిక్‌లో చనిపోయాడు. అక్కడే పూడ్చారు.

ఇదిగో, కుసుమొతో వాళ్ల జాగా. మావాడు అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడు. తాకి. ఇనె. వాళ్ల పక్కన ఇంకో పేరు, నినోమియా కెయ్‌సాకు. 1862లో చనిపోయిన ఆ శిష్యుడికి ఈ తల్లీకూతుళ్ల సమాధుల దగ్గరే చోటిచ్చారు.

మెట్ల దగ్గర నుంచి మావాడు చెక్క బాల్చీలో నీళ్లు మోసుకొచ్చాడు. గరిటెతో తాకి రాయి మీద పోశాడు, తర్వాత ఇనెది, తర్వాత కెయ్‌సాకుది. కింద రేవులో ఓడ కూత. గరిటె నా చేతికిచ్చాడు. అడుగున ఇంకా కొన్ని నీళ్లున్నాయి.